గడప దగ్గర కలవాల్సిన సేవలు: మానేరు ఒడ్డున వైద్యం, సంక్షేమం

మానేరుకు ఒక ఒడ్డున సిరిసిల్ల, ఇంకో ఒడ్డున తంగళ్ళపల్లి. సాంచెల (మరమగ్గాల) మీద పనిచేస్తూ, అప్పుల్లో కూరుకుపోయి, అకాలంగా కన్నుమూసిన ఈ రెండు ఒడ్డుల నేత కార్మికుల స్మృతికి అంకితమైనది ఈ ఉపన్యాసం. నేత కార్మికులు, ఆసాములు, బీడీ కార్మికులు, ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, వైద్యులు, పంచాయతీ ప్రతినిధులు ఒకచోట కూర్చున్న సభ ఇది. సేవ అందించేవారు, అందుకునేవారు ఇలా ఎదురెదురుగా కూర్చోవడం అరుదు. సేవ అందించేవారు తమలో తాము ఒక కుటుంబం గురించి కలిసి మాట్లాడుకోవడం అంతకన్నా అరుదు. ఆ కలయిక ఎక్కడ సాధ్యమైంది, ఎక్కడ కాలేదు, ఎందుకు కాలేదు అన్నదే ఇక్కడి విషయం.

వైద్యాన్నీ సంక్షేమాన్నీ ఒక్కచోటికి తేవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. గర్భిణి విషయంలో, పసిబిడ్డ విషయంలో ఆ పని ఇక్కడ దశాబ్దాలుగా జరుగుతోంది. సాంచె కార్మికుడి దగ్గరకు, మంచం పట్టిన వృద్ధుల దగ్గరకు వచ్చేసరికి అదే యంత్రాంగం విడివిడి శాఖలుగా చీలిపోతుంది. తెలిసిన విద్యను తెలియని గడపలకు చేర్చడమే ముందున్న పని.

ఒక జబ్బు, అనేక మూలాలు

1990ల చివరి నుంచి 2000ల దాకా సిరిసిల్ల పేరు పత్రికల్లో నేతన్నల ఆత్మహత్యలతో ముడిపడింది. ఊరి పేరును ‘ఉరిసిల్ల’ అని రాసిన రోజులవి. ఆ మరణాలకు కారణాలు వెతికినవారికి ఒక్క శాఖలో ఒదిగే జవాబు దొరకలేదు. నూలు ధర పెరిగింది. కరెంటు బిల్లు పెరిగింది. బట్టకు గిరాకీ పడిపోయి సాంచెలు ఆగాయి. ప్రైవేటు ఫైనాన్సుల వడ్డీలు ఇంటి మీద పడ్డాయి. పని లేని రోజుల్లో తాగుడు పెరిగింది, ఇంట్లో తగాదాలు ముదిరాయి, నిద్ర పోయింది. చివరికి ఆ మనిషి ఆస్పత్రికి చేరేసరికి కేసు షీటు మీద విషం తాగినట్టో, ఉరి వేసుకున్నట్టో మాత్రమే ఉండేది. వడ్డీ సంగతి, ఆగిన సాంచె సంగతి ఆ కాగితం మీదికి ఎక్కవు.

ప్రభుత్వాలు స్పందించలేదని అనలేము. అంత్యోదయ కార్డులు ఇచ్చింది పౌరసరఫరాల శాఖ. కరెంటు మీద రాయితీ విద్యుత్ సంస్థల ద్వారా వచ్చింది. రుణాల సంగతి చేనేత, జౌళి శాఖ, బ్యాంకులు చూశాయి. మానసిక వైద్యం, కౌన్సెలింగ్ ఆస్పత్రి వంతు అయింది. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చాయి. అదే ఏడాది ‘నేతన్నకు చేయూత’ పొదుపు పథకం మొదలైంది. 2022 ఆగస్టు 7న, జాతీయ చేనేత దినోత్సవం నాడు, 5 లక్షల రూపాయల నేతన్న బీమా అమలులోకి వచ్చింది. వీటిలో ప్రతి ఒక్కటీ అవసరమైనదే. ఒక చీర ఆర్డరు కూడా ఆరోగ్యం మీద పనిచేస్తుందని, చేతినిండా పని ఉన్న ఇంట్లో మందుల అవసరమే తగ్గుతుందని సిరిసిల్లకు తెలిసినంతగా ఏ వైద్య గ్రంథానికీ తెలియదు. అయినా ఇన్ని శాఖల చేతులు ఒకే ఇంటి మీద ఒకేసారి పడ్డ సందర్భాలు తక్కువ. సాయం ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్నది చూసుకునే ఉమ్మడి పుస్తకం లేకపోవడమే అందుకు కారణం.

కలిపి మొదలుపెట్టి, విడదీసి నడిపిన చరిత్ర

స్వతంత్ర భారతం తన వైద్య వ్యవస్థను కలిసిన రూపంలోనే ఊహించుకుంది. 1943లో నియమితమై 1946లో నివేదిక ఇచ్చిన జోసెఫ్ భోర్ కమిటీ, ఆరోగ్యాన్ని ఆస్పత్రి గోడల మధ్య చూడలేదు. ఇల్లు, నీళ్లు, తిండి, పని, చదువు అన్నీ ఆరోగ్యంలో భాగమేనని రాసింది. ప్రతి ఊరిలో అయిదు నుంచి ఏడుగురితో గ్రామ ఆరోగ్య సంఘం ఉండాలని సూచించింది. 1952 అక్టోబరు 2న మొదలైన సమాజ వికాస పథకంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం బ్లాకులో ఒక అంగం. వ్యవసాయం, సహకారం, చదువు, వైద్యం చూసేవారంతా ఒకే బ్లాకు గొడుగు కింద ఉండేవారు.

ఆ గొడుగు ఎక్కువ కాలం నిలవలేదు. 1953లో మలేరియా నియంత్రణ, 1958లో మలేరియా నిర్మూలన, 1962లో క్షయ కార్యక్రమం వచ్చాయి. కుష్ఠు, మశూచి, కుటుంబ నియంత్రణ ఒక్కొక్కటీ తన సిబ్బందితో, తన రిజిస్టరుతో, తన లక్ష్యాలతో నడిచాయి. ఆ పద్ధతి వ్యర్థమని చెప్పడం అన్యాయం. దేశంలో మశూచి అంతమైంది అలాంటి ఏకాగ్రత వల్లనే. అయితే ఒకే ఇంటికి ఒక్కో జబ్బు పేరుతో ఒక్కో మనిషి వెళ్లే అలవాటు కూడా అప్పుడే పాతుకుంది. 1973లో కర్తార్ సింగ్ కమిటీ ఈ ఏకజబ్బు సిబ్బందిని బహుళ ప్రయోజన కార్యకర్తలుగా మార్చాలని చెప్పింది. ఏఎన్‌ఎం అన్న మూడక్షరాల బిరుదు వెనుక అన్ని పనులూ చేసే మనిషి నిలబడింది ఆ మార్పుతోనే.

1978 సెప్టెంబరులో ఆల్మా-అటా సదస్సు ప్రాథమిక ఆరోగ్యాన్ని నిర్వచిస్తూ వ్యవసాయం, ఆహారం, ఇల్లు, విద్య కలిసి నడవాలని ప్రకటించింది. అప్పటికే మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో రజనీకాంత్ ఆరోలే, మాబెల్ ఆరోలే దంపతులు 1970 నుంచి ఊరి స్త్రీలనే ఆరోగ్య కార్యకర్తలుగా తీర్చిదిద్దుతున్నారు. 1992లో చేసిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాలను పదకొండో షెడ్యూలులో చేర్చింది. అందులో ఆరోగ్యం, పారిశుధ్యం 23వది. కుటుంబ సంక్షేమం 24వది. మహిళా శిశు అభివృద్ధి 25వది. వికలాంగులతో సహా సాంఘిక సంక్షేమం 26వది. బలహీన వర్గాల సంక్షేమం 27వది. రాజ్యాంగం వీటిని ఒకదాని పక్కన ఒకటిగా పేర్చింది. పాలన వాటిని వేర్వేరు భవనాల్లో కూర్చోబెట్టింది.

తల్లీబిడ్డల దగ్గర కుదిరిన కలయిక

ఈ చీలిక మధ్య ఒక్క చోట మాత్రం కలయిక నిలిచింది. 1975 అక్టోబరు 2న దేశంలోని 33 బ్లాకుల్లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకంలో ఆరు సేవలున్నాయి: అదనపు పోషకాహారం, పూర్వ ప్రాథమిక విద్య, పోషకాహార ఆరోగ్య బోధన, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పెద్దాస్పత్రికి పంపడం. వీటిలో చివరి మూడూ అంగన్‌వాడీ ఒక్కటే చేయగలిగినవి కావు, వైద్య శాఖ చేయి వేయాల్సిందే. అంటే పథకం రాతలోనే రెండు శాఖలు ఒకదానికొకటి ముడిపడ్డాయి. 2005 ఏప్రిల్ 12న జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలై, సుమారు వెయ్యి జనాభాకు ఒక ఆశా కార్యకర్తను నిలిపింది. ఏఎన్‌ఎం, ఆశా, అంగన్‌వాడీ టీచరు, ఈ ముగ్గురూ నెలకోసారి అంగన్‌వాడీ కేంద్రంలో కలిసే ఆరోగ్య, పోషకాహార దినం ఊరి క్యాలెండరులో స్థిరపడింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చివరి ఏళ్లలో ‘మార్పు’ కార్యక్రమం మరో అడుగు వేసింది. తల్లుల, శిశువుల మరణాలు తగ్గించడం కోసం వైద్య ఆరోగ్య శాఖను, స్త్రీ శిశు సంక్షేమ శాఖను, స్వయం సహాయక సంఘాలను ఒకే ప్రణాళిక కిందికి తెచ్చింది. 2013లో ‘అమృత హస్తం’ ద్వారా, తెలంగాణలో 2015 జనవరి 1 నుంచి ‘ఆరోగ్య లక్ష్మి’ ద్వారా గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో పూట భోజనం, గుడ్డు, పాలు అందాయి. భోజనం అక్కడే తినాలన్న నియమంలో ఒక తెలివి ఉంది. ఇంటికి తీసుకెళ్లిన గుడ్డును అందరూ పంచుకుంటారు. కేంద్రంలో కూర్చుని తిన్న గుడ్డు తల్లికే చేరుతుంది, ఐరన్ మాత్ర కూడా ఆమె అక్కడే మింగుతుంది. 2017లో వచ్చిన కేసీఆర్ కిట్ ప్రభుత్వాస్పత్రి కాన్పును నగదు సాయంతో ముడివేసింది. ఆడబిడ్డ పుడితే 13 వేలు, మగబిడ్డ పుడితే 12 వేలు, అవి కూడా పరీక్షలు, కాన్పు, టీకాలు పూర్తయ్యే కొద్దీ విడతలుగా అందాయి.

ఈ కలయిక నిలవడానికి నాలుగు కారణాలు కనిపిస్తాయి. ఊరిలో గర్భిణులెవరో చెప్పే జాబితా ఏఎన్‌ఎం, ఆశా, అంగన్‌వాడీ టీచరు ముగ్గురి దగ్గరా ఉంది. ముగ్గురూ కలిసే రోజు ఉంది. అంగన్‌వాడీ అనే చోటు ఉంది. ఏదైనా జరిగితే ఎవరు జవాబు చెప్పాలో తెలుసు. తల్లి మరణిస్తే విచారణ జరుగుతుంది. జాబితా, రోజు, చోటు, జవాబుదారీ: ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లేకపోయినా సమన్వయం అన్న మాట సమావేశం మినిట్సు దాటి బయటకు రాదు.

జాబితాలో లేని మనిషి

ఇప్పుడు సాంచె షెడ్డులోకి చూడాలి. సిరిసిల్ల ప్రాంతంలో నూలు ఇచ్చేది యజమాని, సాంచెలు నడిపించేది ఆసామి, వాటి ముందు నిలబడేది కార్మికుడు. కూలి మీటరు లెక్క. పగటి పాళీ, రాత్రి పాళీ మారుతూ గంటల తరబడి నిలబడాలి. పక్కవాడి మాట వినపడని చప్పుడు, గాలిలో తేలే నూలు ధూళి, ఆగితే కూలి పోతుందన్న తొందర అతనికి నిత్యం. పది మంది లేదా అంతకు మించి పనిచేసే చోట్లకు వర్తించిన 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం చాలా షెడ్లను అసలు తాకలేదు. తంగళ్ళపల్లి మండలంలోని బద్దెనపల్లి టెక్స్‌టైల్ పార్కు వంటి చోట్లను పక్కన పెడితే, షెడ్లు ఎక్కువగా ఇళ్ల మధ్యే ఉంటాయి.

ఈ కార్మికుడు 30 నుంచి 50 ఏళ్ల మగవాడు. గర్భిణి కాదు, పసివాడు కాదు, వృద్ధుడు కాదు. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చే వేళకు అతను షెడ్డులో ఉంటాడు. 30 ఏళ్లు దాటినవారికి ఊళ్లలో చేసే బీపీ, షుగర్ పరీక్షలకు అతను దొరకడు. అప్పు సంగతి ఫైనాన్సు మనిషికి తెలుసు, తాగుడు సంగతి భార్యకు తెలుసు, బాకీ పడ్డ కరెంటు బిల్లు సంగతి ఆసామికి తెలుసు. ఈ మూడూ కలిపి చూసే మనిషి లేడు. ఆత్మహత్యలు జరిగింది సరిగ్గా ఈ వయసులో, ఈ ఖాళీలో.

రెండో ఖాళీ ముసలితనంలో ఉంది. ఇంగ్లండ్‌లోని టోర్బేలో సేవలను కలపడానికి కూర్చున్నవారు ‘మిసెస్ స్మిత్’ అనే ఒక వృద్ధురాలిని ఊహించుకుని, ఆమెకు ఏ సేవ ఎన్ని చేతులు మారి అందుతుందో గీసి చూశారు. అదే పద్ధతిలో మానేరు తీరపు ఊరిలో ఒక అమ్మను ఊహించవచ్చు. ఆమెకు అరవై ఐదేళ్లు. చిన్నప్పటి నుంచి చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టింది. నడుము వంగింది, దగ్గు తగ్గదు. సాంచె నడిపిన భర్తకు పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతపు ఎన్నో ఇళ్లలో లాగే కొడుకు దుబాయిలో ఉన్నాడు.

ఆమె బీపీ మాత్రలకు పీహెచ్‌సీకి వెళ్లాలి. భర్త వైకల్య సర్టిఫికెట్ కోసం స్లాటు తీసుకుని, అతన్ని ఆటోలో శిబిరానికి తీసుకెళ్లాలి. ఆ కాగితంతో పింఛను కోసం పంచాయతీ కార్యదర్శి దగ్గరకు, అక్కడి నుంచి ఎంపీడీవో ఆఫీసుకు వెళ్లాలి. బీడీ కార్మికుల పింఛనుకు పీఎఫ్ నంబరు చూపాలి. పెద్ద వైద్యానికి ఆరోగ్యశ్రీ ఆస్పత్రి వెతకాలి. దగ్గుకు కఫం పరీక్ష వేరే చోట. మంచం మీది మనిషిని రోజూ పక్కకు తిప్పి, ఒంటి పుండ్లు రాకుండా చూడటం ఎలాగో నేర్పేవారు ఈ దారిలో ఎక్కడా ఎదురుపడరు. ఆమెకు హక్కులున్నాయి, పథకాలున్నాయి. వాటిని కలిపే కాళ్లు మాత్రం ఆమెవే, అవి కూడా నొప్పుల కాళ్లు.

సగం కుదిరిన ముడులు

పూర్తిగా కాకపోయినా ముడి వేయడం సాధ్యమని చూపే ఉదాహరణలు దగ్గరలోనే ఉన్నాయి. సదరం విధానం రాకముందు వైకల్యం నిర్ణయించే వైద్యుడికి, పింఛను ఇచ్చే గ్రామీణాభివృద్ధి శాఖకు మధ్య దళారులు నిలబడేవారు. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన సదరం ఆ మధ్య ఖాళీని ఒకే సాఫ్ట్‌వేర్‌తో, శిబిరాలతో పూడ్చింది. వైద్యుడి అంచనా నేరుగా పింఛను అర్హతగా మారింది. దాని లోపాలు ఏవైనా, రెండు శాఖలు ఒకే కాగితాన్ని నమ్మడం అక్కడ అలవాటైంది.

క్షయ ఇంకో ఉదాహరణ. 2018 ఏప్రిల్ నుంచి నిక్షయ్ పోషణ్ యోజన కింద రోగికి చికిత్స సాగినంత కాలం నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలు ఖాతాలో పడుతున్నాయి. తిండి కూడా మందేనన్న మాటకు 2023లో ఝార్ఖండ్ అధ్యయనం బలమిచ్చింది. క్షయ రోగుల ఇళ్లలోని మిగతావారికి ఆహారపు పొట్లాలు ఇస్తే, ఆ ఇళ్లలో కొత్తగా వచ్చే క్షయ సుమారు 40 శాతం తగ్గిందని అది తేల్చింది. బీడీ చుట్టే ఇళ్లున్న ప్రాంతానికి ఈ ఫలితం దూరపు వార్త కాదు.

బీడీ కార్మికుల చరిత్రలో హెచ్చరిక కూడా ఉంది. 1976 నాటి సంక్షేమ సెస్సు, నిధి చట్టాల కింద బీడీల మీద సెస్సు వసూలు చేసి, ఆ డబ్బుతో డిస్పెన్సరీలు, పిల్లల స్కాలర్‌షిప్పులు, ఇళ్ల పథకాలు నడిపారు. పనీ వైద్యమూ సంక్షేమమూ ఒకే నిధిలో కలిసిన అరుదైన ఏర్పాటు అది. 2017లో జీఎస్టీ రాకతో సెస్సు పోయింది. ఖర్చు సాధారణ బడ్జెట్‌లోకి చేరింది, కార్మికుల పేర విడిగా పుట్టే నిధి ఆగిపోయింది. కలయికకు సొంత డబ్బు లేకపోతే అది ఇతరుల దయ మీద బతకాల్సి వస్తుంది.

దూరపు పాఠాలు

బ్రిటన్ అనుభవం ఇందుకు తోడు. 1948 జులై 5న అక్కడ జాతీయ ఆరోగ్య సేవ మొదలై వైద్యం ఉచితమైంది. అదే రోజు అమలులోకి వచ్చిన జాతీయ సహాయ చట్టం వృద్ధుల సంరక్షణను స్థానిక సంస్థలకు, ఆదాయాన్ని బట్టి వసూలు చేసే రుసుములకు వదిలింది. ఒకే రోజు పుట్టిన ఆ చీలికను పూడ్చడానికి ఆ దేశం ఇంకా చట్టాలు చేస్తూనే ఉంది. 1999లో ఉమ్మడి బడ్జెట్లకు అనుమతి, స్కాట్లాండ్‌లో 2014 చట్టం, ఇంగ్లండ్‌లో 2022 జులై నుంచి సమగ్ర సంరక్షణ బోర్డులు ఆ వరసలోవే. ఇన్ని చట్టాల మధ్య టోర్బే పేరు నిలిచింది వేరే కారణంగా. అక్కడ నర్సు, సామాజిక కార్యకర్త, ఫిజియోథెరపిస్టు ఒకే చిన్న బృందంగా పనిచేశారు. ఇంటివారు ఫోన్ చేయాల్సింది ఒకే సమన్వయకర్తకు.

ఇంకా దగ్గరి పాఠం కేరళది. 1993లో కోళికోడ్‌లో మొదలైన పాలియేటివ్ (నొప్పి, బాధ తగ్గించే) వైద్యం, తర్వాత మలప్పురం ఊళ్లలో ఇరుగుపొరుగు వలంటీర్ల చేతికి వచ్చింది. 2008లో కేరళ ప్రభుత్వం దానిని విధానంగా ప్రకటించాక పంచాయతీలే నర్సును నియమించి, వాహనం ఏర్పాటు చేసి, మంచం పట్టినవారి ఇంటికి పంపుతున్నాయి. వైద్యుడు కొంత చేస్తాడు, ఎక్కువ భాగం నర్సు, పొరుగువారు చేస్తారు, ఖర్చు ఊరు భరిస్తుంది.

తంగళ్ళపల్లికి సరిపడే పని

2016 అక్టోబరు 11న రాజన్న సిరిసిల్ల జిల్లాతో పాటు తంగళ్ళపల్లి మండలం ఏర్పడింది. ఆఫీసులు దగ్గరయ్యాయి. 2023లో సిరిసిల్లలో వైద్య కళాశాల మొదలైంది. కలవడానికి ఇక దూరం అడ్డు కాదు. గర్భిణి విషయంలో పనిచేసిన నాలుగు అంశాలనే, కొద్ది డబ్బు తోడుగా, ఇక్కడికి తేవాలి.

మొదటిది జాబితా. ఊరి వారీగా మంచం పట్టినవారు, ఒంటరి వృద్ధులు, క్షయ రోగులు, మానసిక వేదనలో ఉన్నవారు ఎవరో ఆశా కార్యకర్తకు ఇప్పటికే తెలుసు. ఆ సమాచారం ఒక పుస్తకంలోకి రావాలి. మానసిక వేదన విషయంలో ఇంటివారి సమ్మతి, గోప్యత తప్పనిసరి. జాబితా గోడ మీద అంటిస్తే సేవ కాదు, శిక్ష అవుతుంది. రెండోది రోజు, చోటు కలిపి. నెలలో ఒక సాయంత్రం పాళీ మారే వేళకు వైద్య బృందం షెడ్ల దగ్గరికే వెళ్లి బీపీ, షుగర్, వినికిడి చూడాలి. అదే బల్ల దగ్గర చేనేత, జౌళి శాఖ మనిషి బీమా, పొదుపు కాగితాలు చూడాలి, బ్యాంకు మనిషి అప్పు సంగతి వినాలి. మూడోది చిన్న డబ్బు. ఆటో కిరాయికి, వారం బియ్యానికి ఎవరి సంతకం కోసం ఎదురుచూడక్కరలేని కొద్ది మొత్తం గ్రామ ఆరోగ్య సంఘం చేతిలో ఉండాలి. గ్రామీణ ఆరోగ్య మిషన్ ఏటా ఇచ్చిన పది వేల రూపాయల నిధి ఇలాంటి అవసరానికే ఉద్దేశించినది. నాలుగోది జవాబుదారీ. ప్రతి కుటుంబానికి ఒక పేరు, ఒక ఫోను నంబరు ఉండాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ మానసిక ఆరోగ్య సహాయవాణి 14416 నంబరు రాత్రి పూట వినే చెవి అయితే, పొద్దున తలుపు తట్టే చేయి ఊరిలో ఉండాలి.

ఈ భారమంతా ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచర్ల నెత్తిన పెడితే కలయిక పేరుతో మరో రిజిస్టరు పుడుతుంది, అంతే. భాగస్వామ్యమంటే పని పంచుకోవడం. కింది ఉద్యోగినికి పని పెంచి, పై అధికారికి నివేదిక పెంచడాన్ని ఆ పేరుతో పిలవకూడదు.

ఉమ్మడి రాష్ట్రంలో 2004లో వచ్చిన 421 నంబరు జీవో కింద, అప్పుల బాధతో రైతు ఆత్మహత్య చేసుకుంటే పరిహారం తేల్చడానికి రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల అధికారులు కలిసి ఆ ఇంటికి వెళ్లేవారు. అప్పు ఎంత, పని ఎలా ఉంది, ఆరోగ్యం ఎలా ఉంది అని ఒకే చోట కూర్చుని అడిగేవారు. ఆ ప్రశ్నలు సరైనవే, ఆ కలయిక సరైనదే, వచ్చిన రోజే ఆలస్యం. మనిషి పోయాక ఒక గడప ముందు కలవగలిగిన శాఖలు, అతను సాంచె ముందు నిలబడి ఉండగానే కలవాలి. ఈ ఉపన్యాసం ఎవరి స్మృతికి అంకితమో వారికి ఈ ఊరు చెల్లించాల్సిన బాకీ అది.